ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు: 4, 5 తరగతుల్లో చదవడం రాని పిల్లలకి ఏం చెయ్యాలి?

ఎస్‌జీటీ_విజయనగరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విజయనగరం జిల్లాలో ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. మొత్తం 34 మంది పిల్లలు: ఒకటిలో 5, రెండులో 8, మూడులో 6, నాలుగులో 9, ఐదులో 6.

3, 4, 5 తరగతుల 21 మందినీ విడివిడిగా చదివించి చూస్తే ఐదుగురు అక్షరాల దగ్గరే ఉన్నారు. ఏడుగురు విడి పదాలు చదువుతారు కానీ వాక్యం వచ్చేసరికి ఆగిపోతారు. ఆరుగురు నాలుగు వాక్యాల పేరా చదువుతారు. కథ చదివి అందులో ఏం జరిగిందో చెప్పగలిగేది ముగ్గురే. కానీ నోటు పుస్తకాలు చూస్తే అందరివీ నిండుగా ఉంటాయి. బోర్డు మీద ఏది రాస్తే అది పొల్లుపోకుండా దించుతారు.

లెక్కల్లో అప్పు తీసుకునే తీసివేత రానివాళ్ళు సగానికి పైనే.

సిలబస్ ఆపకుండా, ఒకటి రెండు తరగతుల పిల్లల్ని గాలికి వదలకుండా, ఇద్దరు టీచర్లతో దీన్ని ఎలా నడపాలి? టైమ్‌టేబుల్, సామగ్రి, ఎక్కడ దెబ్బతింటుంది అన్నవి వివరంగా చెప్పగలరు. వర్క్‌షీట్ల పీడీఎఫ్‌లు చాలా ఉన్నాయి, అవి వద్దు.

మాస్టారు_పలాస

మేడమ్ గారూ, ఏర్పాటంతా మీ పరీక్ష లెక్క మీదే నిలబడుతుంది. కాబట్టి ముందు అది గట్టిదో కాదో చూసుకోండి. పిల్లని మిగతావాళ్ళకి వినపడనంత దూరంలో, వరండా చివర కూర్చోబెట్టాలి. మొదట నాలుగు వాక్యాల పేరా ఇవ్వండి. సాఫీగా చదివితే కథకి వెళ్ళండి. మూడు తప్పులు దాటినా, వాక్యంలా కాకుండా పదం పదం విరిచి చదివినా పదాలకి దిగండి. 5 పదాల్లో 4 సరిగ్గా చదివితే పదాల స్థాయి. అదీ కాకపోతే అక్షరాలు, అక్కడా 5లో 4. ఒక్కో పిల్లకి 4, 5 నిమిషాలు చాలు. మధ్యలో సరిదిద్దకూడదు, పెదవి విరవకూడదు, పక్కన కాగితం మీద గుర్తు పెట్టుకోవడమే.

ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతాయి. అందరికీ ఒకే పేరా ఇస్తే నాలుగోవాడి దగ్గరికొచ్చేసరికి అది వినికిడితో వచ్చేస్తుంది. అందుకని మూడు రకాల పేరాలు రాసిపెట్టుకోండి. రెండోది, పాఠ్యపుస్తకంలో పేరా ఇవ్వడం. అది చాలామందికి నోటికి వచ్చు, కళ్ళు పేజీ మీద ఉండవు. అనుమానం వస్తే చివరి పదం నుంచి వెనక్కి చదివించండి, వెంటనే తేలిపోతుంది.

ఇక టైమ్‌టేబుల్. ప్రార్థన అయ్యాక మొదటి 90 నిమిషాలు 3, 4, 5 తరగతుల హద్దు తీసెయ్యండి. ఒక టీచరు దగ్గర 1, 2 తరగతుల 13 మంది, వాళ్ళతోపాటు అక్షరాల దగ్గరున్న ఐదుగురు. రెండో టీచరు దగ్గర పదాలవాళ్ళు ఏడుగురు, పేరా, కథ వాళ్ళు తొమ్మిది మంది. అంటే 18, 16. ఇంతకన్నా సమంగా రాదు.

ఐదో తరగతి పిల్లాణ్ణి ఒకటో తరగతి పిల్లల మధ్య కూర్చోబెడితే వాడు మర్నాటి నుంచి బడికి రాడు. ఆ ఐదుగురికీ వేరే చాప, వేరే పదాల కార్డులు ఉండాలి. చేతికి ఒకటో తరగతి వాచకం ఇవ్వొద్దు. గ్రూపులకి నాగావళి, వంశధార, చంపావతి అని పేర్లు పెట్టండి. ‘అక్షరాల గ్రూపు’ అన్న మాట పిల్లల ముందు టీచర్ల నోట రాకూడదు.

ఆ 90 నిమిషాల్లో మొదటి 10 నిమిషాలు 34 మందికీ కలిపి టీచరు ఒక కథ పైకి చదవాలి. చెప్పడం కాదు, పుస్తకం పట్టుకుని చదవడం. తర్వాత 60 నిమిషాలు 20 చొప్పున మూడు వంతులు. ఒక గ్రూపు టీచరు ముందుంటే రెండో గ్రూపు సొంతంగా పని చేసుకుంటుంది, తర్వాత మారతారు. మూడో 20 నిమిషాలు బాగా వెనకబడ్డవాళ్ళకి. చివరి 20 నిమిషాలు రాత: టీచరు చెప్పిన 5 పదాలు, ఒక వాక్యం.

ఈ పద్ధతి కూలిపోయేది సొంత పని దగ్గరే. ‘చూసి రాయండి’ అన్నారంటే ఆ 20 నిమిషాలు పోయినట్టే, ఎందుకంటే చూసి రాయడానికి చదవడం రానక్కర్లేదు. మీ పిల్లల నోట్సు నిండుగా ఉన్నదీ అందుకే. సొంత పని ఏదైనా సరే, చదవకపోతే పూర్తి కాకూడదు. పదం కార్డుకి బొమ్మ కార్డు జత చెయ్యడం, ముక్కలు చేసిన వాక్యాన్ని వరసలో పెట్టడం, ‘తలుపు పక్కనున్న గోళెం మూత మీద ఏముంది?’ లాంటి చీటీ చదివి వెళ్ళి చూసి రావడం. ఇలాంటివి వారానికి నాలుగు రకాలు చాలు. రోజుకో కొత్త ఆట పెడితే ఆట నేర్పడానికే టైమంతా పోతుంది.

మిగతా రోజంతా తరగతి పాఠాలే. పరిసరాల విజ్ఞానం 4, 5 కలిపి చెప్పండి. నీరు, ఆహారం, మొక్కలు రెండింటిలోనూ వస్తాయి, ప్రశ్నల లోతు మార్చుకుంటే సరిపోతుంది.

తనిఖీ గురించి భయపడొద్దు. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ చెప్పేదే మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థంతో చదవాలని. మీ పరీక్ష కాగితం, నెలన్నరకోసారి మళ్ళీ పెట్టిన కాగితం పక్కపక్కన పెట్టి చూపించండి. ఒక మాట: తెలుగులో విభక్తులు, క్రియలు అతుక్కుని పదం పొడుగవుతుంది. కాబట్టి ఆ 60ని పట్టుకుని పిల్లల మధ్య పోటీ పెట్టొద్దు. ఆ పిల్ల కిందటిసారి ఎన్ని చదివింది, ఇప్పుడెన్ని అన్నదే చూడండి.

రిటైర్డ్_హెచ్ఎం_బొబ్బిలి

మాస్టారు ఏర్పాటు చెప్పారు. ఆ 20 నిమిషాల్లో నేర్పేదేమిటో నేను చెప్తాను. అక్షరాల దగ్గర ఆగిపోయిన పెద్ద పిల్లలకి మళ్ళీ అ ఆ ల నుంచి బండి ర దాకా దిద్దించడం దండగ. వాళ్ళు అది రెండేళ్ళు చేసే అక్కడున్నారు.

పది పదకొండు అక్షరాలతో మొదలుపెట్టండి: త, ల, వ, ప, క, డ, గ, న, జ, మ, ర. వీటితోనే తల, వల, పలక, పడవ, గడప, నడక, జడ, మర, కలప అన్నీ వచ్చేస్తాయి. మొదటి రోజే పిల్లడు అర్థమున్న మాట చదవాలి. తర్వాత సున్న: పంట, గంట, దండ. అప్పుడు గుణింతపు గుర్తులు. ఒక హల్లుకి గుర్తులన్నీ ఒకేసారి కాదు, ఒక గుర్తుని అన్ని హల్లుల మీదా: తాత, పాప, మామ, బావ, జామ, కాలం. ఒక్కో గుర్తుకి మూడు నాలుగు రోజులు. తాటి, బావి, గాలి, కాకి వచ్చేసరికి పిల్లలకి ధైర్యం వస్తుంది.

హ్రస్వం, దీర్ఘం కలిపేసుకోవడం అన్నిటికన్నా ఎక్కువ కనిపించే తప్పు. దానికి జంటలు వాడండి: వడ–వాడ, విధి–వీధి, కుడి–కూడి, మెడ–మేడ, కొన–కోన. రెండు కార్డులూ ముందు పెట్టి, మీరు ఒకటి పలికితే పిల్ల ఏదో చూపించాలి. తర్వాత పిల్ల పలికితే మీరు చూపించాలి, అప్పుడప్పుడు కావాలని తప్పు చూపించండి, పట్టుకుంటారో లేదో తెలుస్తుంది.

ఆకారంలో కలిసిపోయేవి: ప–వ–ష, న–స, ద–డ, మ–వు. వీటిని ఒకే రోజు నేర్పకూడదు. ఒకటి గట్టిపడ్డాక వారం ఆగి రెండోది తేవాలి. పు, వు లలో కొమ్ము కింద నుంచి వస్తుందనీ, మొ, యొ, ఘొ లు మిగతావాటిలా కనపడవనీ వేలు పెట్టి చూపించాలి. ఇది చెప్పకపోవడం వల్లే ‘మొక్క’ని ‘మెక్క’ అని చదువుతారు.

ఒత్తులు. చాలా హల్లులకి తలకట్టు తీసేస్తే ఒత్తు ఆకారం వచ్చేస్తుంది. త, న, మ, య, ర, ల లకి మాత్రం వేరే ఆకారం. తెలుగులో ఎక్కువ వాడేవీ అవే కాబట్టి ఆరింటినీ ప్రత్యేకంగా నేర్పాలి. ఇంట్లో తెలిసిన మాటలతో మొదలెడితే అర్థమే సాయం చేస్తుంది: అమ్మ, అన్న, అత్త, అయ్య, పిల్ల, బుర్ర. తర్వాత నక్క, ముక్క, గెడ్డ. సంయుక్తాలు ఆఖరున. ‘చక్రం’ని ‘చర్కం’ అని చదివే పిల్లలు చాలామంది ఉంటారు. క్రావడి (ర ఒత్తు) అక్షరానికి ఎడమవైపు నుంచి మొదలవుతుంది కాబట్టి కంటికి ముందు అదే పడుతుంది. ‘ముందు పైది, తర్వాత కిందది’ అని చేత్తో చూపిస్తూ పది పదాలు చదివిస్తే పోతుంది.

కార్డులకి ఖర్చు పెట్టక్కర్లేదు. పాత శుభలేఖల అట్టలు, మందుల డబ్బాల లోపలి వైపు సరిపోతాయి. పదానికి అరచేయంత కార్డు, అక్షరం ఎత్తు 3 సెంటీమీటర్లకి తగ్గకూడదు. నల్ల మార్కరుతో రాసి పైన వెడల్పు టేపు అంటిస్తే వర్షాకాలం చెమ్మకి పాడవదు. మూలన రంగు చుక్క పెట్టండి, ఏ గుర్తు కార్డులు ఏ డబ్బాలోవో పిల్లలే సర్దేస్తారు.

శ్రీను_పూసపాటిరేగ

హెచ్ఎం గారూ, గుణింతాలు కంఠస్థం చేయించడం అంత దండగా? రోజూ పొద్దున్న అందరూ కలిసి చదివితే నాలుకకి తిరుగుతుంది కదా. ఈ కొత్త పద్ధతులొచ్చాకే పిల్లలకి దస్తూరి కూడా పోయింది.

రిటైర్డ్_హెచ్ఎం_బొబ్బిలి

శ్రీను గారూ, మానెయ్యమనలేదు. క కా కి కీ వల్లె వేస్తే వరస వస్తుంది, ఆ వరస వాళ్ళకి పనికొస్తుంది కూడా. ఇబ్బందల్లా దాన్ని చదవడం అనుకోవడంతోనే. ఇరవై మంది కలిసి అంటుంటే రాని నలుగురి గొంతు అందులో కలిసిపోతుంది. చార్టు ముందు పిల్లని ఒక్కదాన్నే నిలబెట్టి, వరస తప్పించి కు, గే, తొ, పీ అని కర్రతో చూపించండి. ‘క కా కి కీ కు’ అని మొదటి నుంచి లెక్కపెట్టుకుని వస్తే ఆ పిల్లకి ఇంకా చదవడం రాలేదు. వల్లె 5 నిమిషాలు, ఇలా వరస తప్పించి అడగడం 10 నిమిషాలు ఉంటే సరిపోతుంది.

దస్తూరి మాట నిజమే. నాలుగు గీతల పుస్తకంలో రోజుకి 5 వరసలు చాలు. కానీ పిల్ల తను చదివిన పదాలే రాయాలి.

లెక్కల_టీచర్_ఆమదాలవలస

లెక్కలకి వేరే పరీక్ష పెట్టండి. తెలుగులో వెనకున్న పిల్లే లెక్కల్లోనూ వెనక ఉండాలని లేదు. 1–9 అంకెలు, 10–99 సంఖ్యలు, అప్పు తీసుకునే తీసివేత, మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించడం, ఈ నాలుగు మెట్లు చాలు.

52 – 27 ఇస్తే 35 అని వేసేవాళ్ళని చూసే ఉంటారు. ‘2లోంచి 7 పోదు’ కాబట్టి 7లోంచి 2 తీసేశారు. వాళ్ళకి 52 అంటే 5 పక్కన 2, అంతే. కొబ్బరి ఈనెలు జానెడు ముక్కలు విరిచి పదేసి కట్టలు రబ్బరు బ్యాండు వేసి ఉంచండి, పిల్లకి 9 కట్టలు, విడిగా 10 పుల్లలు. 52 పేర్చి 27 ఇమ్మనండి. విడివి రెండే ఉన్నాయి కాబట్టి ఒక కట్ట విప్పాల్సిందే. విప్పినప్పుడల్లా పలక మీద 5 కొట్టేసి 4 వేసి, పక్కన 12 రాయించాలి. చేతి పనీ రాతా ఒకేసారి జరగాలి. పుల్లలతో వారం ఆడించి తర్వాత పలక మీద లెక్క పెడితే రెండూ కలవవు, మళ్ళీ 35 వేస్తారు.

నూట ఐదుని 1005 అని రాయడం ఇంకొకటి. విన్నది విన్నట్టు 100 రాసి పక్కన 5 పెడతారు. 100, 200 వెడల్పు కార్డులు, 10, 20 కాస్త చిన్నవి, 1–9 ఇంకా చిన్నవి చేసి, కుడి అంచులు కలిపి ఒకదాని మీద ఒకటి పేర్పిస్తే సున్నా ఎక్కడికి పోయిందో వాళ్ళకే కనిపిస్తుంది. భాగహారంలో 612 ÷ 3 కి 24 వేస్తే, 24ని మూడుతో గుణించి చూడమనండి. 72 వస్తుంది. 612 ఎక్కడ, 72 ఎక్కడ అన్నది పిల్లకే తడుతుంది, మధ్యలో సున్నా పెట్టలేదని అప్పుడు చెప్పండి, 204 గుర్తుంటుంది.

లెక్కపెట్టడానికి చింతపిక్కలు వాడండి. పలాస, మందస వైపు బడుల్లో జీడిపిక్కలు సులువుగా దొరుకుతాయని తెస్తుంటారు. పచ్చి జీడిపిక్క తొక్కలో నూనె చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది, చిన్న పిల్లల చేతికి ఇవ్వనే కూడదు.

మందస_ఏజెన్సీ

ఇంట్లో మాట్లాడే భాష సంగతి ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. విజయనగరం మైదానంలో సవర గిరిజనుల పిల్లలు ఉండకపోవచ్చు, కానీ ఇది చదివేవాళ్ళలో మందస, మెళియాపుట్టి వైపు వాళ్ళూ ఉంటారు. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా ఇళ్ళ పిల్లలుంటారు.

సవర పిల్లకి ‘గడప’ అన్న పదం చదవడం వచ్చినా అది ఏ వస్తువో తెలియకపోతే ఆ చదువు నిలవదు. ఇక్కడ మొదటి ఆరు నెలలు నోటి పనే ఎక్కువ ఉండాలి. పెద్ద బొమ్మ ఒకటి పెట్టి, అందులో ఏముందో సవరలోనే చెప్పనివ్వండి. ఊళ్ళో పదో తరగతి చదివిన అమ్మాయినో, అంగన్‌వాడీ ఆయానో పక్కన కూర్చోబెట్టుకుని ఆ మాటలు తెలుగు లిపిలో రాసిపెట్టుకోండి. ఆ పక్కన తెలుగు మాట. మన రాష్ట్రంలో గిరిజన భాషల వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి, ఎంఆర్‌సీ(మండల వనరుల కేంద్రం)లోనో పాత బీరువాలోనో ఉంటే దుమ్ము దులిపి తెచ్చుకోండి. గిడుగు రామ్మూర్తి గారు వందేళ్ళ కిందటే సవర నేర్చుకుని సవర పిల్లలకి వాళ్ళ భాషలో చదువు చెప్పించే పని తలకెత్తుకున్నారు. ఆయన పుట్టిన శ్రీకాకుళం జిల్లాలో మనం దీన్ని పక్కన పెట్టకూడదు.

మైదానం పిల్లలకీ ఇది వర్తిస్తుంది. పుస్తకంలో ‘వెళ్తున్నాను’ అని ఉంటే మన పిల్ల ‘ఎల్తన్నాను’ అని చదువుతుంది. పరీక్షలో దాన్ని తప్పు కింద వెయ్యకండి. ఆ పిల్ల అక్షరాలు చూసింది, అర్థం చేసుకుంది, తన నోటితో పలికింది. అది చదవడం రానిపిల్ల చేసే పని కాదు. ‘వెళ్తున్నాను’ని ‘వెతుకున్నాను’ అంటే అది తప్పు. రాసేటప్పుడు మాత్రం ‘వె’ రాయడం నేర్పాలి, అది డిక్టేషన్‌లో సరిదిద్దుకోవచ్చు. చదువుతుంటే ప్రతి మాటకీ ‘అలా కాదు’ అని ఆపితే, పిల్ల నోరు తెరవడమే మానేస్తుంది.

తల్లిదండ్రులు పనులకి చెన్నయో హైదరాబాదో పోయి, పిల్లలు అవ్వా తాతల దగ్గరుండే ఊళ్ళు మన రెండు జిల్లాల్లోనూ ఎక్కువ. ఆ ఇళ్ళకి ‘చదివించండి’ అని హోంవర్కు ఇచ్చి లాభం లేదు. అవ్వని అడిగి ఒక పొడుపు కథ తెమ్మనండి. మర్నాడు పిల్ల చెప్పినట్టే మీరు బోర్డు మీద రాయండి. తను చెప్పిన మాటే కాబట్టి చదవగలుగుతుంది. అదే చీటీ మీద రాసిచ్చి అవ్వకి చదివి వినిపించమనండి.

ఎస్ఎంసీ_సభ్యురాలు_ఎచ్చెర్ల

తల్లిదండ్రుల వైపు నుంచి. విద్యా హక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు మేమే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లుండాలని కూడా అదే చట్టంలో ఉంది. ఒక టీచరు డిప్యుటేషన్ మీదో, ఎక్కువ రోజుల సెలవు మీదో వెళ్తే ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి కమిటీ తీర్మానం రాసి, సర్దుబాటు మీద వేరే టీచర్ని అడగొచ్చు. నోటి మాట కాదు, మినిట్స్ పుస్తకంలో తేదీతో రాసి నకలు తీసుకోండి.

సమావేశంలో గోడల రంగు, భోజనం మాత్రమే మాట్లాడి లేచిపోకండి. టీచరు గార్లు ఆ స్థాయిల కాగితం పేర్లు లేకుండా చూపిస్తే మాకూ అర్థమవుతుంది: ఫలానా స్థాయిలో కిందటి నెల ఎంతమంది, ఈ నెల ఎంతమంది. పేర్లు పెట్టి చదివితే ఊళ్ళో ఆ పిల్ల తల దించుకోవాల్సి వస్తుంది, అది వద్దు.

ఎస్‌జీటీ_విజయనగరం

అందరి సలహాలూ రాసుకున్నాను. ఇంకా రెండు. ఒకటి, యాప్‌లలో హాజరు, భోజనం ఫొటోలు ఎక్కించే పని సరిగ్గా ఆ 90 నిమిషాల్లోనే పడుతుంది. రెండు, పుస్తకం ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మీడియం ఇంగ్లీషు. తెలుగు మీద ఇంత టైము పెడితే ఇంగ్లీషు ఏం కావాలని తల్లిదండ్రులు అడుగుతారు.

మాస్టారు_పలాస

హాజరు, ఫొటోలు: 10 నిమిషాల కథ చదివేటప్పుడు 34 మందీ ఒకచోటే ఉంటారు కదా. ఒకరు కథ చదువుతుంటే రెండోవారు హాజరు వేసెయ్యాలి. వారం వారం పని మార్చుకోండి. సిగ్నల్ అందక ఎక్కకపోతే కాగితం మీద రాసుకుని ఇంటర్వెల్‌లో ఎక్కించండి. ఫోను పట్టుకుని వరండా చివర నిలబడితే మాత్రం గ్రూపు చెదిరిపోతుంది. భోజనం ఫొటోలు ఎలాగూ మధ్యాహ్నమే.

ఇంగ్లీషు: పాఠంలో విషయం మొదట తెలుగులో చెప్పండి, అదే రోజు అందులోంచి 5 ఇంగ్లీషు మాటలు, 2 వాక్యాలు నోటితో అనిపించండి. వాక్యాలు చిన్నవి, మార్చి వాడుకోగలిగేవి ఉండాలి: ‘దిస్ ఈజ్ ఎ లీఫ్’, ‘దిస్ ఈజ్ ఎ రూట్’. మొక్కని చేతిలో పట్టుకునే చెప్పించండి. ఇంగ్లీషు రాత పని తెలుగులో పదాల స్థాయి దాటిన పిల్లలకే ఇవ్వండి. మిగతావాళ్ళకి నోటి ఇంగ్లీషు ఆపొద్దు, మధ్యాహ్నం ఒక 20 నిమిషాలు ఉండాలి. తల్లిదండ్రులు అడిగితే పిల్లని పిలిచి తెలుగు పేరా చదివించి, ఆ రెండు ఇంగ్లీషు వాక్యాలు అనిపించండి.

ఇంకోటి, 1, 2 తరగతుల దగ్గరున్న టీచరు నెలన్నర దాకా మారకూడదు. వారానికోసారి మార్చుకుంటే ఏ పిల్ల ఏ గుర్తు దగ్గర ఆగిందో ఇద్దరికీ తెలియకుండా పోతుంది. మారే రోజున ప్రతి పిల్ల పేరు ఎదురుగా ఒక్క వరస రాసి ఇవ్వండి: ‘ఎత్వం వచ్చింది, ఏత్వం కలిపేస్తోంది, న–స తేడా తెలియదు’. కొత్త టీచరు మర్నాడు పొద్దున్న అక్కడి నుంచే అందుకుంటారు.